కక్ష్య అంటే ఆగని పతనం: గగారిన్‌కు 108 నిమిషాలు, షెపర్డ్‌కు 15 నిమిషాలు ఎందుకు?

తెలుగు మూలాలున్న ముగ్గురి పేర్లు గత కొన్నేళ్లలో అంతరిక్ష వార్తల్లో వినిపించాయి. 2021 జులై 11న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కి.మీ. ఎత్తుకు వెళ్లి వచ్చారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో, అంతరిక్షానికి హద్దుగా చెప్పుకునే 100 కి.మీ. గీత దాటి, పది నిమిషాల్లో మళ్లీ నేల మీద ఉన్నారు. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో బయల్దేరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దాదాపు ఆరు నెలలు గడిపారు.

ముగ్గురి గురించీ ‘అంతరిక్షంలోకి వెళ్లారు’ అనే వార్త వచ్చింది. ముగ్గురూ గాలిలో తేలుతున్న దృశ్యాలు చూశాం. సందేహం మొదలయ్యేది అక్కడే. అంతరిక్ష కేంద్రం ఉన్న ఎత్తు సుమారు 400 కి.మీ. అంటే విశాఖ నుంచి విజయవాడకు రోడ్డు దూరం కంటే కాస్త ఎక్కువ. 100 కి.మీ. వెళ్లినవారు నిమిషాల్లో కిందికి వచ్చేస్తే, అంతకు నాలుగింతలు వెళ్లినవారు నెలల తరబడి పడకుండా ఎలా ఉన్నారు? మధ్యలో ఎక్కడో ఒక గీత ఉండి, అది దాటితే భూమి ఆకర్షణ ఆగిపోతుందా?

అలాంటి గీత ఏదీ లేదు.

క్లుప్తంగా

400 కి.మీ. ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో 89 శాతం ఉంటుంది. వ్యోమగాములు తేలుతున్నట్టు కనిపించడానికి కారణం, వారూ వారి నౌకా కలిసి ఒకే తీరుగా పడుతుండడం. సెకనుకు దాదాపు 8 కి.మీ. వేగంతో అడ్డంగా దూసుకుపోయే వస్తువు ఎంత పడుతుందో, దాని కింద నేల కూడా అంతే వంగిపోతుంది. దాన్నే కక్ష్య అంటాం. 1961లో సోవియట్ యూనియన్ పంపిన గగారిన్, అమెరికా పంపిన షెపర్డ్ చేసిన తొలి మానవయాత్రలను విడదీసిన అసలు అంశం ఈ అడ్డపు వేగమే.

ఆకర్షణ అక్కడా ఉంది

గురుత్వాకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఇక్కడ దూరం అంటే నేల నుంచి కాదు, భూమి కేంద్రం నుంచి కొలవాలి. నేల మీద నిలబడ్డ మనిషి అప్పటికే కేంద్రానికి 6,371 కి.మీ. దూరంలో ఉన్నాడు. ఇంకో 400 కి.మీ. పైకి వెళితే ఆ దూరం 6,771 అవుతుంది. ఆరు వేల చిల్లరకు నాలుగు వందలు కలిపితే వచ్చే తేడా ఎంత? లెక్క వేస్తే ఆకర్షణ 11 శాతం మాత్రమే తగ్గుతుంది. నేల మీద 70 కిలోలు తూగే మనిషి, 400 కి.మీ. ఎత్తున్న గోపురం కట్టి దాని మీద త్రాసు పెట్టి నిలబడగలిగితే, అక్కడ 62 కిలోలు తూగుతాడు. గోపురం అంచు నుంచి జారితే నేల మీద పడ్డట్టే పడతాడు. వేగం పుంజుకోవడం రవ్వంత నెమ్మదిగా ఉంటుంది, అంతే.

మరి తేలడం? త్రాసు చూపించే బరువు నిజానికి నేల మన పాదాలను పైకి నెట్టే ఒత్తిడి. ఆ నెట్టడం ఆగితే బరువు అనుభవం పోతుంది, ఆకర్షణ పోకపోయినా సరే. తిరునాళ్లలో జెయింట్ వీల్ పైనుంచి దిగేటప్పుడు కడుపులో ఏదో ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. కూర్చున్న పీట కిందికి జారుతూ మనల్ని నెట్టడం తగ్గించడమే దానికి కారణం. పీట, మనిషి పూర్తిగా స్వేచ్ఛగా పడితే ఆ నెట్టడం సున్నా అవుతుంది. మనిషి, అతని చేతిలోని కలం, చుట్టూ ఉన్న గోడలు అన్నీ ఒకే త్వరణంతో పడుతుంటే, గోడల్ని బట్టి చూసినప్పుడు కలం ఎటూ కదలదు. తేలుతున్నట్టే ఉంటుంది.

వ్యోమగాముల శిక్షణకు వాడే విమానాలు ఇదే పని చేస్తాయి. పైకి ఎగబాకి, విసిరిన రాయి వెళ్లే దారినే అనుసరిస్తూ కిందికి వంగుతాయి. ఆ ఇరవై, ఇరవైఅయిదు సెకన్లు లోపలి మనుషులు తేలుతారు. విమానం అంతరిక్షానికి దరిదాపుల్లో కూడా ఉండదు. ‘జీరో గ్రావిటీ’ అనే పేరు వాడుకలో స్థిరపడిపోయింది గానీ, అది చాలామందిని తప్పుదారి పట్టించింది. ‘భారరహిత స్థితి’ అన్న తెలుగు మాట ఈ విషయంలో మెరుగు. లేనిది భారమే తప్ప ఆకర్షణ కాదని ఆ మాటే చెబుతోంది.

మామిడికాయకు వేసిన రాయి

చెట్టు మీది కాయకు రాయి విసిరే పిల్లలు కాయకు సూటిగా గురిపెట్టరు, కొంచెం పైకి పెడతారు. దారిలో రాయి కిందికి జారుతుందని వారికి అనుభవం చెప్పింది. దీని వెనకున్న లెక్కను 1638లో గెలీలియో అచ్చులో పెట్టాడు. విసిరిన వస్తువుకు రెండు కదలికలు ఉంటాయి. అడ్డంగా వెళ్లేది ఒకటి, కిందికి పడేది ఇంకొకటి. ఒకదాన్ని మరొకటి పట్టించుకోదు. మేడ మీద నుంచి ఒక రాయిని ఊరికే వదిలి, అదే క్షణంలో ఇంకోదాన్ని అడ్డంగా బలంగా విసిరితే, గాలి సంగతి పక్కన పెడితే, రెండూ ఒకేసారి నేలను తాకుతాయి. విసిరిన రాయి దూరంగా పడుతుంది, ఆలస్యంగా పడదు. మొదటి సెకనులో రెండూ పడేది 4.9 మీటర్లే.

గెలీలియో నేలను చదునుగా అనుకుని లెక్క వేశాడు. రాయి వేసే దూరానికి అది సరిపోతుంది. న్యూటన్ ఆ నేలను గుండ్రంగా చేసి చూశాడు. ఆయన మరణానంతరం 1728లో వెలువడిన రచనలో ఒక బొమ్మ ఉంది. చాలా ఎత్తయిన కొండ మీద నుంచి అడ్డంగా గుళ్లు పేల్చితే ఒక్కొక్కటి అంతకంతకూ దూరంగా పడతాయి. వేగం పెరుగుతూ పోతే ఒక దశలో గుండు భూమిని చుట్టి, బయల్దేరిన కొండ దగ్గరికే తిరిగి వస్తుంది.

ఆ వేగం ఎంతో చేతిలెక్కగా తేల్చవచ్చు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, ఏ చోటు నుంచైనా సూటిగా 8 కి.మీ. ముందుకు సాగితే నేల దాదాపు 5 మీటర్లు కిందికి వంగి ఉంటుంది. వస్తువు సెకనులో పడేది 4.9 మీటర్లు. అంటే సెకనుకు సుమారు 7.9 కి.మీ. అడ్డంగా వెళ్లే వస్తువు ఎంత పడితే నేల అంత తప్పుకుంటుంది. పడడం ఒక్క క్షణం కూడా ఆగదు, నేల మాత్రం ఎప్పటికీ అందదు. 400 కి.మీ. ఎత్తులో ఆకర్షణ కొంచెం తక్కువ కాబట్టి సెకనుకు 7.67 కి.మీ. చాలు. హైదరాబాద్ నుంచి విశాఖకు ఆకాశమార్గాన ఉన్న 500 కి.మీ.ను ఆ వేగంతో 65 సెకన్లలో దాటవచ్చు. అంతరిక్ష కేంద్రం గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి రావడానికి కారణం ఇదే.

చంద్రుడు కూడా పడుతున్నాడా? న్యూటన్‌కు ఈ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. చంద్రుడు భూకేంద్రం నుంచి భూమి వ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. ఆకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గితే అక్కడ అది 3,600వ వంతు ఉండాలి. కాలం 60 రెట్లయితే పడే దూరం 3,600 రెట్లవుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. కాబట్టి ఇక్కడ రాయి ఒక సెకనులో ఎంత పడుతుందో, అక్కడ చంద్రుడు ఒక నిమిషంలో అంత పడాలి. చంద్రుడి కదలికను కొలిచి చూస్తే సరిగ్గా అంతే వచ్చింది. మామిడితోటలో రాయికీ పున్నమి చంద్రుడికీ ఒకటే నియమమని తేల్చిన ఈ లెక్క, మనిషి బుద్ధి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి.

ఇక్కడ బడిలో వినిపించే ఒక వివరణ గురించి చెప్పుకోవాలి. ‘ఉపగ్రహం మీద అపకేంద్ర బలం, గురుత్వాకర్షణ సమానమై రద్దవుతాయి, అందుకే పడదు’ అంటారు. ఉపగ్రహంతో పాటు తిరుగుతూ లెక్క వేసేవారికి ఇది పనికొచ్చే పద్ధతే. నేల మీది నుంచి చూసేవారిని మాత్రం పక్కదారి పట్టిస్తుంది. బలాలు నిజంగా రద్దయితే ఉపగ్రహం వంగడం మానేసి సరళరేఖలో వెళ్లిపోవాలి. జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెలను చూడండి. తాడు లోపలికి లాగుతున్నంతసేపూ రాయి గుండ్రంగా తిరుగుతుంది. ఒక కొస వదిలిన మరుక్షణం సూటిగా దూసుకుపోతుంది. ఉపగ్రహానికి గురుత్వాకర్షణే ఆ తాడు. దాని పని లేకపోతే కక్ష్యే లేదు.

ఇంకొక ముచ్చట. విసిరిన రాయి దారిని పరావలయం అంటాం. కచ్చితంగా చెప్పాలంటే అది భూకేంద్రాన్ని ఒక నాభిగా పెట్టుకున్న సన్నటి, పొడవైన దీర్ఘవృత్తంలో పై కొస. మిగతా భాగం నేల లోపల ఉంది. రాయి కూడా కక్ష్యలోనే బయల్దేరుతుంది, నేల అడ్డొస్తుంది. ఈ దృష్టితో చూస్తే 100 కి.మీ. పైకి వెళ్లి వచ్చే పర్యాటక రాకెట్‌కూ అంతరిక్ష కేంద్రానికీ మధ్య జాతిభేదం లేదు. ఒకదాని దీర్ఘవృత్తం నేలను గుద్దుతుంది, రెండోదానిది గుద్దదు.

ఎత్తు తేలిక, వేగం కష్టం

ఒక కిలో బరువును 100 కి.మీ. పైకి ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు పది లక్షల జౌళ్లు. అదే కిలోను 400 కి.మీ. ఎత్తులో కక్ష్యలో నిలపడానికి దాదాపు 3.3 కోట్ల జౌళ్లు కావాలి. అందులో ఎత్తు వాటా తొమ్మిదో వంతు మాత్రమే. మిగిలినదంతా అడ్డపు వేగానికే పోతుంది. రాకెట్ నిలువుగా లేచిన కాసేపటికే సముద్రం వైపు ఒరిగిపోవడం టీవీలో చూసి, గురి తప్పిందేమోనని కంగారుపడేవారు ఇప్పటికీ ఉన్నారు. అది అసలు పని మొదలుపెడుతోందన్నమాట. నిలువు ప్రయాణం దట్టమైన గాలిని త్వరగా దాటడానికే.

పైన చెప్పిన శక్తి కక్ష్య చేరే వస్తువుది మాత్రమే. రాకెట్ తన ఇంధనాన్ని తానే మోసుకెళ్లాలి కాబట్టి అసలు భారం ఇంకా ఘోరంగా పెరుగుతుంది. రష్యాలో గణితం బోధించే సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం ఈ సంగతి చెబుతుంది. ఇంజిన్ నుంచి వాయువులు సెకనుకు 3 కి.మీ. వేగంతో వెలువడుతున్నాయి అనుకుందాం. రాకెట్ వేగం 3 కి.మీ. పెరగాలంటే బయల్దేరిన బరువులో 63 శాతం ఇంధనం ఉండాలి. 6 కి.మీ. కావాలంటే 86 శాతం. 9 కి.మీ.కు 95 శాతం. గాలి నిరోధాన్నీ, ఎగబాకేటప్పుడు గురుత్వాకర్షణ వల్ల పోయే నష్టాన్నీ కలుపుకుంటే కక్ష్యకు 9 కి.మీ.కు పైగానే కావాలి. ట్యాంకులు, ఇంజిన్లు, నౌక, మనిషి, అన్నీ మిగిలిన ఆ అయిదు శాతంలో సర్దుకోవాలి. ఖాళీ అయిన ట్యాంకుల్ని దారిలో వదిలేసే దశల పద్ధతి వచ్చింది ఈ ఇరుకులోంచే.

జర్మనీ వీ-2 రాకెట్ రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే నిట్టనిలువుగా 170 కి.మీ. దాటి వెళ్లింది. అంటే 1944 నాటికే ‘ఎత్తు’ చేతికి వచ్చేసింది. దాని గరిష్ఠ వేగం మాత్రం సెకనుకు 1.6 కి.మీ. తొలి ఉపగ్రహం స్పుత్నిక్-1 కక్ష్యలోకి చేరింది 1957 అక్టోబరు 4న. ఈ మధ్యలో గడిచిన పదమూడేళ్లూ వేగం కోసం పట్టిన కాలమే.

సోవియట్‌లు ముందుండడానికి కారణం ఆయుధశాలలో ఉంది. వారి హైడ్రోజన్ బాంబు బరువైనది. దాన్ని ఖండం దాటించడానికి సోవియట్ రాకెట్ల రూపకర్త కొరోల్యోవ్ బృందం భారీ ఆర్-7 రాకెట్‌ను తయారుచేసింది. అమెరికా తన బాంబుల్ని చిన్నవి చేసుకోగలిగింది, అందుకని చిన్న క్షిపణులతో సరిపెట్టుకుంది. బాంబు తయారీలో వెనకబాటు రాకెట్ల పోటీలో పెట్టుబడిగా మారింది. ఆర్-7కు ఒక దశ జోడిస్తే అది మనిషి కూర్చున్న 4.7 టన్నుల నౌకను కక్ష్యలో పెట్టగలిగింది. అప్పటికి అమెరికా దగ్గర అంత బరువును మోసే రాకెట్ లేదు.

23 రోజులు, 5.5 కిలోమీటర్లు

1961 ఏప్రిల్ 12 ఉదయం బైకనూరు నుంచి యూరీ గగారిన్ వోస్తోక్-1లో బయల్దేరి, భూమిని ఒకసారి చుట్టి, 108 నిమిషాల తర్వాత సరాతోవ్ ప్రాంతంలో దిగాడు. 23 రోజులకు, మే 5న, అలన్ షెపర్డ్ ఫ్రీడమ్-7లో ఫ్లోరిడా తీరం నుంచి లేచి, 15 నిమిషాల్లో అట్లాంటిక్ సముద్రంలో దిగాడు.

ఎత్తు చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు. షెపర్డ్ చేరిన గరిష్ఠ ఎత్తు 187 కి.మీ. గగారిన్ కక్ష్యలో భూమికి దగ్గరగా ఉన్న భాగం కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంది. షెపర్డ్ గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 2.3 కి.మీ., గగారిన్‌ది 7.8. మధ్యలో ఉన్న ఆ అయిదున్నర కిలోమీటర్లే ఒకరిని 487 కి.మీ. దూరంలో సముద్రంలో దింపాయి, మరొకరిని ఖండాలు దాటించి తిరిగి స్వదేశానికి చేర్చాయి. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి కిలోకు లెక్కగడితే గగారిన్ నౌకకు ఇచ్చిన చలనశక్తి పదకొండు రెట్లకు పైనే. షెపర్డ్‌ను మోసిన రెడ్‌స్టోన్ రాకెట్ నౌకతో కలిపి సుమారు 30 టన్నులు. వోస్తోక్ రాకెట్ 280 టన్నులకు పైమాటే. వీ-2 వంశంలో పుట్టిన రెడ్‌స్టోన్‌ను ఎంత సానబెట్టినా మనిషిని కక్ష్యలో పెట్టలేదు.

షెపర్డ్ భారరహితంగా ఉన్నది దాదాపు అయిదు నిమిషాలు. విసిరిన రాయి పైకి వెళ్లి వచ్చే ప్రయాణాన్ని ఒక మనిషి లోపల కూర్చుని చేస్తే ఎలా ఉంటుందో అదే. దీపావళి తారాజువ్వ కూడా ఆ దారినే వెళుతుంది. ఇలా చెప్పడం ఆయన ధైర్యాన్ని తగ్గించడం కాదు. అంతకు ముందు జనవరి 31న ‘హ్యామ్’ అనే చింపాంజీని పంపినప్పుడు రాకెట్ అనుకున్నదానికంటే వేగంగా, దూరంగా వెళ్లింది. దాన్ని సరిచేశామని నిర్ధారించుకోవడానికి మార్చి 24న మనిషి లేకుండా మరో పరీక్ష జరిపారు. అదొక్కటి పెట్టకపోయి ఉంటే షెపర్డ్ గగారిన్ కంటే ముందే వెళ్లేవాడన్న మాట తరచూ వినిపిస్తుంది. నిజమే కావచ్చు. ‘అంతరిక్షం చేరిన తొలి మనిషి’ బిరుదు అమెరికాకు దక్కేది. కక్ష్యలో తిరిగిన తొలి మనిషి అప్పటికీ గగారినే అయ్యేవాడు. భౌతికశాస్త్రం దృష్టిలో పెద్ద గడప అదే.

ఆ గడప దాటడానికి అమెరికాకు మరో పది నెలలు పట్టింది. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ అట్లాస్ రాకెట్ మీద వెళ్లి మూడుసార్లు భూమిని చుట్టాడు. ఈలోగా 1961 ఆగస్టులో సోవియట్ వ్యోమగామి గెర్మన్ తీతోవ్ ఒక రోజుకు పైగా కక్ష్యలో ఉండి పదిహేడుసార్లు తిరిగొచ్చాడు. ఎక్కువసేపు భారరహితంగా ఉంటే మనిషికి తల తిరుగుడు, వికారం వస్తాయని అతని యాత్రతోనే తెలిసింది. షెపర్డ్‌కు దక్కిన అయిదు నిమిషాల భారరహిత స్థితిలో అది బయటపడే అవకాశం లేదు.

దిగడమంటే వేగం తగ్గించుకోవడం

కక్ష్యలో ఉన్న నౌక ముక్కును భూమి వైపు తిప్పి ఇంజిన్ వెలిగిస్తే కిందికి దిగిపోదు. దాని అడ్డపు వేగం అలాగే ఉంటుంది కాబట్టి కక్ష్య ఆకారం కాస్త మారుతుందంతే. దిగాలంటే వెనక్కి తిరిగి, ప్రయాణ దిశకు ఎదురుగా ఇంజిన్ మండించి, వేగం తగ్గించాలి. ఆశ్చర్యం కలిగించేది తగ్గించవలసిన మొత్తం. సోవియట్ వోస్తోక్, గ్లెన్ వెళ్లిన తరహా అమెరికా మెర్క్యురీ నౌకలు సెకనుకు 7,800 మీటర్లలో దాదాపు 150 మీటర్లే తగ్గించుకున్నాయి. రెండు శాతం. ఆ మాత్రం చాలు, దీర్ఘవృత్తం అవతలి కొస వాతావరణంలోకి దిగుతుంది. మిగతా 98 శాతం పని గాలి చేస్తుంది. గగారిన్ నౌక వేగం తగ్గించుకున్నది ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గర. దిగింది అక్కడి నుంచి 8,000 కి.మీ. అవతల.

ఇంత సున్నితమైన లెక్కలో చిన్న పొరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో 1962 మే 24న అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ యాత్ర చూపించింది. ఆయన నౌక అనుకున్న చోటు దాటి 400 కి.మీ. అవతల సముద్రంలో పడింది. తర్వాత లెక్క కట్టి చూశారు. ఇంజిన్లు మూడు సెకన్లు ఆలస్యంగా వెలగడం వల్ల సుమారు 24 కి.మీ. పోయింది. సెకనుకు 8 కి.మీ. చొప్పున మూడు సెకన్లు, అంతే. నౌక 25 డిగ్రీలు పక్కకు తిరిగి ఉండడం వల్ల 280 కి.మీ. ఇంజిన్ల బలం మూడు శాతం తక్కువ కావడం వల్ల 95 కి.మీ.కు పైగా. ఈ మూడూ కూడితే 400.

అసలు ఇంజినే వెలగకపోతే? వోస్తోక్‌లో ప్రత్యామ్నాయ ఇంజిన్ లేదు. దానికి బదులు పలచటి గాలి రాపిడితో నౌక దానంతట అదే పది రోజుల్లోపు కిందికి వచ్చేంత తక్కువ ఎత్తు కక్ష్యను ఎంచుకున్నారు, పది రోజుల తిండి లోపల పెట్టారు. ప్రయోగంలో రాకెట్ ఇంజిన్ ఆలస్యంగా ఆగింది. కక్ష్య అనుకున్నదానికంటే ఎత్తుకు పోయింది. ఆ రోజు వెనక్కి తెచ్చే ఇంజిన్ విఫలమై ఉంటే పది రోజుల తిండి సరిపోయేది కాదు. అది పనిచేసింది. ఆ తర్వాత పరికరాల విభాగం పూర్తిగా విడిపోక, తీగలతో వేలాడుతూ కొన్ని నిమిషాల పాటు నౌకను గిరగిరా తిప్పింది. చివరికి వేడికి ఆ తీగలు తెగాయి. 7 కి.మీ. ఎత్తులో గగారిన్ నౌక నుంచి బయటికి విసరబడి, విడిగా పారాచూట్‌తో దిగాడు. ఈ సంగతిని సోవియట్ ప్రభుత్వం చాలాకాలం బయటపెట్టలేదు.

కక్ష్యకు ఎక్కించిన శక్తి అంతా తిరుగు ప్రయాణంలో వేడిగా వదిలించుకోవాలి. కక్ష్యలో ఉన్న ఒక్కో కిలోకు ఉండే చలనశక్తి 11 కిలోల నీటిని పూర్తిగా ఆవిరి చేయగలదు. ఆ వేడంతా నౌకకే పడితే ఏ లోహమూ మిగలదు. అమెరికా శాస్త్రవేత్త హెచ్. జులియన్ ఆలెన్ 1950ల మొదట్లో చూపిన మార్గం, అప్పటి అంచనాలకు ఎదురు. నౌక ముందుభాగం సూదిలా కాక మొద్దుగా ఉండాలన్నారు. మొద్దు ఆకారం తన ముందు గాలిని బలంగా అణచి, కాస్త దూరంలో ఒక ఆఘాత తరంగాన్ని (షాక్ వేవ్) నిలబెడుతుంది. వేడిలో అధికభాగం ఆ గాలిలోనే ఉండిపోయి పక్కల నుంచి జారిపోతుంది. గగారిన్ నౌక గుండ్రటి బంతిలా, మెర్క్యురీ అడుగు వెడల్పాటి పళ్లెంలా ఉండడానికి కారణమిదే.

వేగం తేడా ఇక్కడ కూడా కనిపిస్తుంది. షెపర్డ్ నౌక అడుగున బెరీలియం పలక పెట్టారు. వచ్చిన వేడిని అది పీల్చుకుని దాచుకుంటే చాలింది. గ్లెన్‌కు అది సరిపోదు. ఆయన నౌకకు రెసిన్, గాజునారతో చేసిన కవచం వేశారు. అది పొరలు పొరలుగా కాలి రాలిపోతూ తనతో పాటు వేడిని తీసుకుపోతుంది.

ముందున్నదాన్ని అందుకోవాలంటే

1965 జూన్ 3న అమెరికా నౌక జెమినై-4 కక్ష్యకు చేరగానే కమాండర్ మెక్‌డివిట్‌కు ఒక పని అప్పగించారు. వెనక వదిలిన రాకెట్ దశ దగ్గరికి వెళ్లాలి. ఆయన నౌకను దాని వైపు గురిపెట్టి ఇంజిన్ వెలిగించాడు. అది దగ్గరవడానికి బదులు దూరమైంది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే. ఇంధనం తరిగిపోవడంతో ఆ ప్రయత్నం మానుకున్నారు.

రోడ్డు మీద బండి నడిపిన అనుభవం కక్ష్యలో అడ్డం తిరుగుతుంది. వేగం పెంచిన నౌక పై కక్ష్యకు ఎక్కుతుంది. పై కక్ష్యలో చుట్టు పెద్దది, నడక నిదానం. 200 కి.మీ. ఎత్తులో సెకనుకు 7.78 కి.మీ., 400 దగ్గర 7.67, భూస్థిర కక్ష్యలో (ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే కక్ష్య) 3.07, చంద్రుడి దూరంలో ఒక్క కిలోమీటరు. కాబట్టి ముందున్నదాన్ని అందుకోవాలనుకునేవారు ముందు వేగం తగ్గించి కింది కక్ష్యకు దిగాలి. అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది కనుక దూరం తగ్గుతుంది. సమయం చూసుకుని మళ్లీ పైకి ఎక్కాలి. ఈ పాఠం వంటబట్టాక అదే సంవత్సరం డిసెంబరు 15న జెమినై-6, జెమినై-7 నౌకలు అడుగుల దూరంలోకి చేరాయి. చంద్రుడి మీద మనుషుల్ని దింపిన యాత్రలన్నీ ఈ నైపుణ్యం మీదే ఆధారపడ్డాయి.

2025 జూన్ 25న భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరినప్పుడు చాలామందికి కలిగిన అనుమానానికి కూడా జవాబు ఇక్కడ దొరుకుతుంది. రాకెట్ పది నిమిషాల్లో నౌకను కక్ష్యలో పెట్టింది. 400 కి.మీ. ఎత్తులో ఉన్న కేంద్రాన్ని చేరడానికి మాత్రం 28 గంటలు పట్టింది. ఆ సమయమంతా కింది కక్ష్యలో చుట్టుకు కొన్ని నిమిషాల చొప్పున దూరం కలుపుకుంటూ, మెట్లు మెట్లుగా పైకి ఎక్కడానికే వెచ్చించారు.

శ్రీహరికోట తూర్పు ముఖం

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి ప్రయోగవేదిక మీద కదలకుండా నిలబడ్డ రాకెట్‌కు అప్పటికే కొంత అడ్డపు వేగం ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర అది సెకనుకు 465 మీటర్లు. ఉత్తరాన ఉన్న బైకనూరులో దాదాపు 320, ఫ్లోరిడాలో 410. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటలో 450. తూర్పుకు ప్రయోగిస్తే ఇదంతా ఉచితంగా కలిసొస్తుంది, కిందంతా బంగాళాఖాతమే కాబట్టి రాలిన దశల వల్ల జనానికి ప్రమాదం ఉండదు. దక్షిణంగా ధ్రువకక్ష్యలకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీలకు ఈ లాభం అందదు, పైగా శ్రీలంకను తప్పించడానికి దారి వంచుకుని ఇంధనం ఖర్చు చేయాలి.

గగన్‌యాన్‌కు నిర్ణయించినది 400 కి.మీ. ఎత్తు కక్ష్య. దానికి సన్నాహంగా 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో మనిషి లేని నౌకతో ఆపద తప్పింపు వ్యవస్థను పరీక్షించారు. నౌక సుమారు 12 కి.మీ. ఎత్తులో రాకెట్ నుంచి విడిపోయి, 17 కి.మీ. దాకా ఎగసి, తీరానికి 10 కి.మీ. దూరంలో సముద్రంలో దిగింది. విడిపోయే క్షణంలో వేగం ధ్వని వేగానికి 1.2 రెట్లు, అంటే సెకనుకు అర కిలోమీటరు లోపే. అదే నౌకను ఎల్‌వీఎం-3 రాకెట్ కక్ష్యకు తీసుకువెళ్లే రోజున చేరవలసిన వేగం సెకనుకు 7.67 కి.మీ.